రాణిగారి చెంపలు

కొత్తవాడలో సదానందం మగ్గం మీద కూర్చుంటే ఒట్టి జంపఖానాల నేతగాడు. ముఖానికి రంగేసి చీర కడితే మాత్రం అచ్చమైన రాణి. వాడకట్టు నాటక సమాజంలో పద్దెనిమిదేళ్లుగా ఆ వేషం ఆయనదే. అలాంటి సమాజానికి ఈసారి ఖిలా వరంగల్‌లో ఆడే పిలుపు వచ్చింది. వేలమంది జనం, పెద్ద పెద్ద మైకులు, లైట్లు! సంతోషంతో సదానందానికి అన్నం కూడా సహించలేదు.

సరిగ్గా అప్పుడే చెంపలు తిరగబడ్డాయి. గడ్డం గీసుకుంటే చాలు, మంట, ఎర్రటి పొక్కులు. రిహార్సల్‌లో రంగు తగలగానే కారం పూసినట్టయి, రాణిగారు డైలాగు మధ్యలో చెంపలు పట్టుకుని గెంతారు. సమాజం పెద్ద వెంకట్రాజం ముఖం మాడ్చుకున్నాడు.

"పదిహేను దినాలున్నయి. అప్పటికి మొఖం సక్కగ గాకుంటే రాణి వేషం రాంచందర్‌కిస్త. నువ్వు ఫికర్ జేయకు, నీకు ద్వారపాలకుని వేషముంటది."

చీర కడితే మగాడిలాగే నడిచే రాంచందర్ రాణి అట, తను వాకిలి కాయాలట! సదానందానికి ఒళ్లు మండిపోయింది. పటిక రుద్దాడు, వేపాకు నూరి పట్టించాడు, సబ్బు మార్చాడు. దవాఖానలో డాక్టరమ్మ మందు రాసి, నాలుగు రోజులు గడ్డం జోలికి పోవద్దంది. పొక్కులు మాయమయ్యాయి. సంబరపడి ఐదో రోజు గీసుకున్నాడు, మళ్లీ కథ మొదటికొచ్చింది.

ఆ పొద్దున భార్య రమ వాకిట్లో కూర్చుని జంపఖానా అంచుల్లో పోగులు కోస్తోంది. కొత్త బ్లేడ్లు అయిపోయాయి. స్నానాలగదిలో తడి గ్లాసులో ఉన్న మొగుడి రేజరు తెచ్చి, బ్లేడు విప్పి పోగుకు ఆనించింది. పోగు తెగలేదు. నలిగి పీచు లేచింది. ఇది మార్చి ఎన్నాళ్లయిందని అడిగితే సదానందం నసిగాడు. ఉగాదికి ముందెప్పుడో, నెలల కిందట వేసిన బ్లేడు. పైగా శుభ్రం కోసమని, గీసుకున్న ప్రతిసారీ దాన్ని జంపఖానా ముక్కకేసి గట్టిగా రుద్దుతాడట.

"గరుకు బట్టకు రుద్దితే పదునుంటదా? జంపఖానాకు పాత బ్లేడు వెడ్తే నన్ను తిడ్తవు. నీ చెంపలు గంత అగ్గువయినయా?" అంది రమ.

సదానందం బ్లేడు అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత ఆ పీచు లేచిన పోగు పట్టుకుని, దొంగ దొరికాడన్నంత సంబరంగా పక్కిళ్లన్నీ తిరిగి చూపించాడు.

పొక్కులు పూర్తిగా ఆరేదాకా ఈసారి ఓపిక పట్టాడు. ఆపైన కొత్త బ్లేడు, గోరువెచ్చని నీళ్లు, బోలెడంత నురగ, వెంట్రుక వాలిన వైపే గీత. అయ్యాక రేజరును నల్లా కింద కడిగి, విదిలించి, తుడవకుండా గాలి తగిలే కిటికీలో పెట్టాడు. ఐదారుసార్లు గీసుకున్నాక బ్లేడు పారేయాల్సిందేనని రమ ఆజ్ఞ. మర్నాడు అద్దంలో చూసుకుంటే ఒక్క పొక్కు లేదు. ఆయన అద్దం ముందే రాణి నడక నడిచాడు.

నాటకం రోజు వెంకట్రాజం ఆయన గడ్డం పట్టుకుని లైటు వైపు తిప్పాడు. చెంప మీద వేలితో నిమిరాడు. పక్కనే రాంచందర్ చీర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చీర ఆయనకియ్యి, రాంచందర్," అని వెంకట్రాజం రంగు కలపడం మొదలుపెట్టాడు.

రంగు చల్లగా తగిలింది. సదానందానికి ఆగకుండా కన్నీళ్లు వచ్చేశాయి. రంగు కరాబవుతుందని వెంకట్రాజం కసురుతూనే, తన కండువాతో ఆ చెంపలు మెల్లగా అద్దాడు.