క మీద గాటు

మిర్యాలగూడలో బియ్యం బస్తాల మీద మిల్లు పేరు పడాలంటే ఒకప్పుడు మైసయ్య ఉలి కదలాల్సిందే. అతను రేకులో అక్షరం కోసి ఇస్తే, హమాలీలు ఆ రేకును బస్తా మీద పెట్టి రంగు అద్దేవారు. అక్షరానికొక రేకు, రేకులన్నీ ఒకే వెడల్పు. బక్క 'ర' అయినా బండ 'క్ష' అయినా అదే గడిలో సర్దుకోవాలి. అప్పుడే ఏ సేటు పేరైనా ఒకే చట్రంలో కుదురుతుంది. గీతలు మాత్రం వేలెడు లావు. సన్నగా ఉంటే గోనె నేత మింగేస్తుంది.

"రేషన్ లైన్ల నిలవడ్డట్టుండాలె. లావోనికైనా బక్కోనికైనా ఒక్కటే జాగ" అనేవాడు.

అతన్ని జీవితాంతం వేధించింది ఒక్క 'క'. ఉపేందర్ సేటు తన తల్లి పేరు మీద 'కన్యకమ్మ' బియ్యం మొదలుపెట్టినప్పుడు కోసిన అక్షరం అది. ఛాయ్ చల్లారుతోందని భార్య భద్రమ్మ కేకేసింది. ఉలి జారి తలకట్టు కొసన గాటు పడింది. రేకు వృథా చేయలేక అలాగే ఇచ్చేశాడు. ఆ గాటు బస్తాలెక్కి సూర్యాపేట, కోదాడ అంతా తిరిగింది. ఎక్కడ కనబడినా మైసయ్య తల దించుకునేవాడు.

తర్వాత అచ్చు సంచులొచ్చాయి. సేటు రేకులను పాత ఇనుముకు వేసేశాడు. మైసయ్య తలుపులకు గొళ్లేలు బిగిస్తూ పదేళ్లు గడిపాడు.

మొన్న సేటు కబురంపాడు. కూతురు వాసవి చేతి అద్దకంతో గుడ్డ సంచులు తెస్తోందట. అక్షరాలు హైదరాబాద్‌లో ఎవరో తయారుచేసిన కంప్యూటర్ ఫాంటట, వాటిని రేకుల్లో కోసివ్వాలట. మైసయ్య నమూనా కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. రెండు 'క'ల మీదా అదే గాటు.

"సేటూ, గివి నా అక్షరాలే. మీ పాత బస్తాల మీదియే."

"నీవెట్లయితయి మైసయ్యా? మావోళ్లు లైసెన్స్ తీసుకున్నరు. కోస్తవా, ఇంకోన్ని సూసుకోవాల్నా?"

పదేళ్ల తర్వాత ఉలికి వచ్చిన పని. కాదనలేకపోయాడు. ప్రాణం పెట్టి కోశాడు. ఈసారి గాటు లేదు. ఇన్నాళ్లకు పరువు దక్కిందని మురిసిపోయాడు.

సేటు కాగితం పక్కన పెట్టి చూశాడు. "గాటేది? డిజైన్ల ఎట్లుంటే అట్ల రావాలె. రేపటికల్లా సరిగ్గ చెయ్యి, లేకుంటే పని ఇంకోనికిస్త."

మైసయ్యకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంటికొచ్చి కూర్చున్నాడు. కావాలని చేస్తే ఆ గాటు రాదే! ఒకసారి లోతైంది, ఒకసారి వంకరైంది. ఆ తప్పును సరిగ్గా చేయబోయి మూడు రేకులు పాడుచేశాడు.

"ఏమే, అప్పటి లెక్క ఒక్కసారి కేకెయ్యరాదే?"

రేకులు పాడైన కోపం భద్రమ్మకు ఎలాగూ ఉంది. ఆమె అరిచిన అరుపుకు ఉలి దానంతటదే జారింది.

"గిప్పుడు కరెక్టుగ వచ్చింది. నేర్సుకుంటే రానిదేముంటది?" అన్నాడు సేటు.

కొత్త సంచి ఇంటికి తెచ్చాడు మైసయ్య. అడుగున చిన్నగా, అక్షరాలు రూపొందించినది ఫలానా కంపెనీ అని ఉంది. చదివి వినిపించాడు. భద్రమ్మ మూతి తిప్పింది.

"నీ పేరు పెట్టకుంటే పాయె, నా పేరన్న పెట్టకపాయిరి. కేకేసింది నేనే గద!"