చెవి కిరాయి

మంగళవారం. పొద్దున బట్టలు నానబెట్టడం, పాలు కాచడం, చింతపండు గింజ తీయడం అయ్యాయి. బియ్యం ఏరుతుండగా దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "బాపు లేడే," అన్నాడు. చేటలో మిగిలిన బియ్యం కూడా ఏరి, డబ్బాలో పోసి, అప్పుడు ఏడ్చాను. పని సగంలో వదిలితే మా మామకు నచ్చేది కాదు.

రామన్నపేట చుట్టుపక్కల ఆయనను బందూకుల పిచ్చోడనేవారు. పక్కపక్కన రెండు గొట్టాలుండే పాతకాలపు తుపాకులంటే ఆయనకు ప్రాణం. గడీల దొరలు అటకల మీద పడేసినవాటిని లైసెన్సులో రాయించుకుని తెచ్చేవారు. తుప్పు రాలేదాకా రుద్దేవారు. తుపాకీ వెనక ఉండే అక్రోటు కట్టెకు అవిసె నూనె అరచేత్తోనే పట్టించేవారు. నేను గుడ్డ అందిస్తే, "గుడ్డకు వేడుంటదా బిడ్డా?" అనేవారు. అనుమతి దొరికినప్పుడు పల్లిచేన్ల మీద పడే అడవిపందులను కొట్టేవారు, దొరకనప్పుడు గట్టు మీద పగిలిన కుండలు పెట్టి కాల్చేవారు. ఆ చప్పుళ్లకు కుడి చెవి పూర్తిగా, ఎడమది సగం పోయాయి.

తెలంగాణ వచ్చిన ఏడు, ఎండాకాలంలో మోత్కూర్ అంగట్లో నీళ్ల రంజను కొంటున్నాను. ఒక్కోదాన్నీ మెటికతో కొట్టి, విని, పక్కన పెడుతుంటే మామ చూస్తూ నిలబడ్డారు. ఇంటికి రాగానే ఒక తుపాకీ విప్పి, జంట గొట్టాలను వాటి కొక్కెంతో నా వేలికి వేలాడదీశారు.

"గిది గూడ కొట్టి చూడు. నాకు ఇనొస్తలేదు."

కొట్టాను. కంచు చెంబులా చాలాసేపు మోగింది.

"గట్లయితే రెంటి నడుమ టంకం గట్టిగున్నట్టు. టంకం ఊడితే ఈగ చిక్కినట్టు గుయ్యంటది. గసుంటిది పేల్చొద్దు. ఇగ నీ చెవి నాకు కిరాయికియ్యి బిడ్డా."

"కిరాయి ఎవరిస్తరు మామా?"

"బాకీ వెట్టుకో," అని నవ్వారు.

ఒక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదని చట్టం మారేనాటికి ఆయన దగ్గర మూడున్నాయి. ఒకటి వాళ్ల నాయినది. మూడింటినీ నాతో కొట్టించారు. వాళ్ల నాయినదే గుయ్యంది. మళ్లీ ఒకసారి కొట్టి చూశాను.

"నీ మొఖం చూస్తె తెలుస్తలేదా? చెప్పు."

చెప్పాను. ఆ వారమే దాన్ని ఠాణాలో అప్పజెప్పి వచ్చారు. ఆ పూట అన్నం ముట్టలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. పైగా కొడుకులిద్దరి ముందూ, "మిగిలిన రెండు కోడలికే. కిరాయి బాకీ ఉన్న," అన్నారు.

కర్మ ముగిశాక, లైసెన్సు నా పేరున అడుగుదామన్నాను. మరిది పడిపడి నవ్వాడు. "వదిన బందూకు వట్కొని యాడికి వోతది? పప్పుల పోపేస్తదా?"

మా ఆయన వైపు చూశాను. "ఊరోళ్లు నవ్వుతరే," అన్నాడు. అక్కడ ఊరివాళ్లు ఒక్కరూ లేరు. నవ్వుతున్నది ఇంట్లోవాళ్లే.

చివరికి ఎవరి పేరునా లైసెన్సు అడగలేదు. తుపాకులు రెండూ ఠాణాలో జమ చేయడానికి నేనూ వెళ్లాను. కానిస్టేబుల్ "పాతయి, పనికిరానియి" అని చదువుకుంటూ రాస్తున్నాడు.

"పనికొస్తయి సార్," అన్నాను.

"నువ్వు పేలుస్తవా అమ్మా?"

ఈసారి మా ఆయన కూడా నవ్వాడు. ఒక్కో తుపాకీ విప్పి, గొట్టాలను వేలికి తగిలించి, మెటికతో కొట్టాను. రెండూ మోగాయి. మళ్లీ బిగించి ఇస్తుంటే కట్టె నుంచి అవిసె నూనె వాసన వచ్చింది. కానిస్టేబుల్ వాటిని తీసుకెళ్లి, మూలన తుప్పుపట్టిన తుపాకుల కుప్పకు ఆనించాడు. అక్కడ వాటికి అరచేయి తగిలించేవాళ్లు ఎవరూ ఉండరు.

మెట్లు దిగుతున్నా ఆ కంచు మోత నా చెవిలో ఆగలేదు. మామా, ఈ మోతతోనే కిరాయి ముట్టింది. బాకీ చెల్లు.