డీఎస్పీని దారికి తెచ్చినవాడు

సన్యాసిరావు పోయాడని చెప్పినవాణ్ణి కసురుకున్నాను. పొద్దున్నే ఇవేం పరాచికాలన్నాను. అతడు ఏడవడం చూశాక గాని విషయం నా బుద్ధికి అందలేదు. గుండెపోటట. నలభయ్యేళ్లు నిండని శిష్యుడికి డెబ్బయ్యో పడిలో ఉన్న గురువు సంస్మరణ వ్యాసం రాయడమా! ఈ వ్యుత్క్రమానికి విధిని తిట్టకుండా ఎలా ఉండను?

చోడవరం బజారులోని సన్యాసిరావు రికార్డింగు గదికి వెళ్లినవాళ్లెవరూ అతడు స్థిమితంగా కూర్చోగా చూసి ఉండరు. హైస్కూల్లో నా తెలుగు తరగతిలోనూ అదే చాంచల్యం. "ఒరే, నీ బల్ల మీద నిప్పులు పోశార్రా?" అనేవాణ్ణి. "కూకుంటే బుర్ర పన్సెయ్యదు మేస్టారూ" అనేవాడు.

కొన్ని నెలల కిందట నా కంఠంలో కణితి బయటపడింది. శస్త్రచికిత్స తప్పదనీ, ఆ తరువాత మాట దక్కుతుందో లేదో చెప్పలేమనీ విశాఖపట్నం డాక్టర్లు అన్నారు. యౌవనం నుంచీ నాటకాల్లో పద్యాలు పాడిన గొంతు నాది. కబురు తెలిసి సన్యాసిరావు పరుగున వచ్చాడు.

"ఆపరేషన్‌కి ముందే మీ పద్యాలన్నీ ఎక్కించేద్దాం మేస్టారూ. డీఎస్పీ వచ్చేడు!"

"పోలీసులతో నీకేం తగువురా?" అన్నాను కంగారుగా.

పకపకా నవ్వాడు. అది మనిషి కాదట. శబ్దాన్ని సంస్కరించే కార్డట, కంప్యూటరులో అమరుస్తారట. ఈ సంగతి పక్క ఊరు వడ్డాది దాకా పాకింది. "డీఎస్పీగారు కులాసాయేనా?" అని అతణ్ణి ఆటపట్టించనివాడు పాపాత్ముడు.

డీఎస్పీగారు కులాసాగా లేరు. సన్యాసిరావు ముచ్చటపడి కొన్న కంప్యూటరులో రెండు ప్రాసెసర్లు, అంటే రెండు మెదళ్లు. కార్డేమో ఒక్క మెదడుకే అలవాటుపడినది. నేను రాగం అందుకునేసరికి టపటపమని శబ్దం తెగిపోయేది. ఒక్కోసారి యంత్రం మొత్తం కొయ్యబారిపోయేది. ఒక ప్రాసెసరు పీకి పారెయ్యమన్నాను.

"ఒక్కదాంతో హార్మోనీ, తబలా, మీ గొంతూ కలిపి లాగలేదండి."

"అయితే టేపులోనే పాడేస్తాను, పీడా పోతుంది."

"టేపు అరిగిపోద్ది మేస్టారూ. మీ గొంతు అరక్కూడదు."

ఆ మాటకు నాకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి.

కార్డు తయారుచేసినవాళ్లకు ఫోన్లు చేసి ప్రాణం తీశాడు. వాళ్లూ ఒక ప్రాసెసరు తీసెయ్యమనే సలహా చెప్పారు. చివరికి ఇతని బాధ వదిలించుకోవడానికే కాబోలు, కార్డుకూ కంప్యూటరుకూ మధ్య మాట నడిపే ప్రోగ్రాము మూలరూపాన్నే, నువ్వే దిద్దుకోమంటూ, పంపించారు. ఇక అన్నం లేదు, స్నానం లేదు. భార్య పైడితల్లి పళ్లెం పట్టుకుని వెనకాలే తిరిగేది.

"ఏటైనా తెలిసిందేటి?" అంది ఒకనాడు నా ఎదుటే.

"తెలిసింది. కార్డు గంట కొడితే ప్రాసెసర్లు ఇద్దరూ పరిగెత్తుకొస్తన్నారు. ఒకడు గిన్నె తియ్యకుండానే రెండోవోడు చెయ్యెట్టేస్తన్నాడు. ఒకడు ముట్టుకుంటే రెండోవోడు ఆగేలాగ తాళమెయ్యాల."

నేను ఆసుపత్రికి బయలుదేరవలసిన ముందు రోజు మధ్యాహ్నం రిక్షాతో వచ్చాడు. "నడండి మేస్టారూ, ఏటీ అడక్కండి" అన్నాడు. సాయంత్రం దాకా పాడాను. ఒక్క అక్షరమైనా తెగలేదు. వింటూ నేను ఏడ్చాను. అతడు అప్పుడు కూడా కూర్చోలేదు.

శస్త్రచికిత్స నా గొంతును తీసుకుపోయింది. గుసగుస మిగిలింది. ఆరు నెలలైనా తిరక్కుండా అతడు పోయాడు.

దినాలు అయిన మర్నాడు పైడితల్లి నన్ను ఆ గదికి పిలిపించింది. "ఆయన మాట ఒక్కటైనా ఉంటాదేమో, ఎతికించండి మేస్టారూ" అంది. అతని దగ్గర పని నేర్చుకున్నాయన అన్నీ పెట్టి చూపించాడు. నా పద్యాలు నిక్షేపంలా ఉన్నాయి. ప్రతి పద్యానికీ ముందు "రెడీయేనా మేస్టారూ?" అని సన్యాసిరావు అడగడం నాకు బాగా గుర్తు. నా దగ్గులతో పాటు ఆ మాటల్నీ చెత్త కింద కోసి పారేశాడు మహానుభావుడు.

"అంతా మీ గొంతేనండి" అంటూ పైడితల్లి గోడకు జారగిలబడింది.

నాయనా సన్యాసిరావూ, పెద్దవాళ్లు దణ్ణం పెడితే చిన్నవాళ్లకు ఆయుక్షీణమంటారు. అందుకే పద్యాలు ఎక్కించిన ఆ సాయంత్రం జోడించబోయిన చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడా భయం లేదు కదరా. ఇదిగో, నమస్కరిస్తున్నాను.