వదిన ఊలు ముక్కలకు నేను గుచ్చిన సూదులు

ఇప్పుడంటే ఫోన్లో నాలుగు నిమిషాలు చూసి ప్రతివాళ్ళూ పండితులైపోతున్నారు గానీ, ఆ రోజుల్లో ఒక్క సంగతి తెలుసుకోవాలంటే ఎంత తిప్పలో వీళ్ళకేం తెలుసు! ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా నూనె తుడిచి చదివేవాణ్ణి. (అందుకే మా నాగాయలంకలో నన్ను 'ప్రొఫెసర్' అనేవారు. అది వెటకారమని చాలా ఆలస్యంగా తెలిసింది.)

మా వదిన బందరులో కుట్లు, అల్లికల టీచరు పరీక్షకు కట్టింది. పాసైతే ఉద్యోగం, తప్పితే మళ్ళీ ఎండుచేపల గంప నెత్తికెత్తుకోవడమే. చేత్తో అల్లిన నాలుగు ఊలు ముక్కలు పట్టుకెళ్ళాలి. అల్లిందైతే అల్లింది గానీ, అంచులు వేయించిన అప్పడంలా చుట్టుకుపోతున్నాయి. తడిపి, కొలతకు లాగి, చెక్క పలక మీద సూదులు గుచ్చి ఆరబెడితే సాపవుతాయని నేనెక్కడో చదివాను. "నేను గుచ్చుకుంటాలేవయ్యా" అంది వదిన. "నీకు తెలీదు వదినా, ఇది శాస్త్రం" అని లాక్కుని, ఆఫీసు కాగితాలకు పెట్టే గుండుసూదులు గుచ్చేశాను.

ముసురు పట్టి ముక్కలు ఆరలేదు. మర్నాడు పొద్దున ఆ పలక పట్టుకునే వదినతో బస్సెక్కి, ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను.

"ఏంటయ్యా అది, ముళ్ళపందా?" అంది పక్కన కూర్చున్న చేపలావిడ.

"పరీక్షకండీ."

"నా మీదకి ఒరిగావంటే ఇక్కడే పెడతా నీకు పరీక్ష!"

గొయ్యి వచ్చినప్పుడల్లా పలకను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. బందరు చేరేసరికి ఎండ కాసింది, ముక్కలూ ఆరాయి. పరీక్ష గది వరండాలో వదిన సూదులు పీకింది. పీకిన ప్రతిచోటా గోధుమరంగు చుక్క. తుప్పు!

"చంపావు కదయ్యా!" అని ఒక్క మాటే అని లోపలికెళ్ళింది. నేను కిటికీకి అతుక్కుపోయాను.

"ఈ సూదులు ఎవరు గుచ్చారమ్మా?" అనడిగింది పరీక్ష చేసే మేడం.

వదినకు అబద్ధం రాదు. కిటికీ వైపు చెయ్యి చూపించి, "మా మరిదండీ" అంది. నేను చటుక్కున కిందికి వంగాను.

"అల్లింది మీరు, సాపు చేసింది ఆయన. మరి ఉద్యోగం ఎవరికిద్దాం?"

నేను మెల్లగా మళ్ళీ తలెత్తి చూశాను. మేడం ఇంకో ముడుచుకున్న ముక్క, నీళ్ళు, మంచి సూదులు ఇచ్చి, "నా ముందు చెయ్యండి" అంది. వదినను ఒక్క సూదైనా ముట్టనివ్వలేదే నేను! కిటికీలోంచి చేతులతో సైగలు చేశాను. వదిన తలెత్తితేగా. ముక్క తడిపి, గుడ్డలో అదిమి, ముందు నాలుగు మూలలు, తర్వాత అంచుల మధ్యలు, ఆ తర్వాత సందులు, లాగుతూ వదులుతూ గుచ్చుకుపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా నాన్న కొత్త వల తడిపి గుంజలకు లాగి కట్టేవాడండీ. చిన్నప్పటినుంచీ చూశాను."

మేడం ఆ ముక్కను పక్కవాళ్ళకు చూపించింది. వదిన పాసైంది. శాస్త్రం ఇంట్లోనే ఉంటే, నేను పకోడీ కాగితాల్లో వెతికాను!

వదిన టీచరుగా రిటైరై ఏళ్ళైంది. మొన్న వాళ్ళింటికెళ్తే మనవరాలికి సూదులు గుచ్చడం చూపిస్తోంది. నా చెయ్యి ఊరుకోక ముందుకెళ్ళింది. "చెయ్యి తియ్యండి ప్రొఫెసర్ గారూ!" అంది వదిన. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పక్కనే రేకు పెట్టెలో ఆనాటి ముక్కలు, నా తుప్పు చుక్కలతో సహా ఉన్నాయి. చూస్తే నవ్వొచ్చింది. ఎంత తిన్నగా ఉన్నాయండీ ఆ చుక్కలు! గీత గీసినట్టు! ఆ మాట మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.