మా మామ వెతికిన గుంత

ఉడుమలైపేటలో మా మామ పోయారు. ఆండిపట్టి బస్సులో ఉండగా నాకు ఫోను వచ్చింది. ఏళ్ల తరబడి రాళ్లు నూరిన దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. అయినా ఇంత తొందరగా అనుకోలేదు. పాడు రోగం!

మామ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. నేనూ ఆ చదువే చదివానంటే ఆయన చలవే. కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి ఓ పెద్ద రాయి పడిందనీ, ఆ గుంత పూడిపోయిందనీ, అదెక్కడో తేల్చాలనీ ఆయన పట్టుదల. అందుకోసం వాగు గట్లలో పాత మట్టిపొరలు తవ్వేవారు. ఆనాడు కరిగి ఎగిరిపడిన రాయి ఆ పొరల్లో గాజుపూసలై ఉంటుంది, ఆవగింజకన్నా సన్నగా.

"దెబ్బ కనబడదు కణ్ణూ, చిందింది కనబడతాది. పొయ్యికాడ నూనె చిందితే దగ్గిర పెద్ద చుక్క, దూరం పోతే చిన్నది. అంతేదా!" అనేవారు. పూసలు ఏ దిక్కుకు లావవుతుంటే గుంత ఆ దిక్కున ఉన్నట్టు.

మట్టి సంచి ఒళ్లో పెట్టుకుని టౌను బస్సెక్కేవారు. కండక్టరు ఇదేమిటని అడిగితే, "మణ్ణుప్పా. నీ బస్సుకంటే కొంచెం పాతది" అని అరవంలో నవ్వించేవారు.

ఆసుపత్రిలో మూతి మీది ఆక్సిజన్ తొడుగు తీసి, "ఆఖరి సంచులు ల్యాబుకి చేర్చు కణ్ణూ. అవి చూస్తే దిక్కు తేలిపోతాది" అన్నారు. ఏ మట్టి ఏ చోటిదో సంచి మీదే సిరాతో రాసుకోవడం ఆయన పద్ధతి.

కర్మ నాటికి వెళ్లాను. పోయినవాళ్ల బట్టలన్నీ ఉతికి ఆరేశాకే మా ఇళ్లలో కర్మ. పెరట్లో తీగ మీద మామ పంచెలు ఆరుతున్నాయి. వాటి పక్కనే ఆ సంచులు, తెల్లగా. ఆయన పాత పంచెలు చింపి అత్త కుట్టిన సంచులే అవి.

"అవీ ఆయన బట్టలే గదా, ఉతక్కుండా ఎట్ల పెట్టేది?" అంది అత్త. "మణ్ణు పారేసేకి మనసు రాలేదు కణ్ణూ. టెంకాయ చెట్లకి పోసినాను."

తీగ మీది సంచి తిప్పి చూశాను, సిరా మరకైనా లేదు. అయ్యో అత్తా! ఎక్కడిదో తెలియని పూస వట్టి ఇసుకతో సమానం. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. చెట్టు పాదు దగ్గర కూలబడి రెండు చేతులా మట్టి తోడింది.

"ఏది ఏ ఊరిదో చెప్పు కణ్ణూ. మళ్లా నింపేస్తాను."

పొద్దున్నే పాదులకు నీళ్లు పెట్టారు. అత్త వేళ్ల సందుల్లోంచి బురద కారిపోతోంది.