అడగనివాడికి చెప్పని మాట

మిషిగన్‌లోని నోవై నుంచి టెక్సాస్‌లో, కాపెల్‌లో ఉన్న మా తోడల్లుడు మురళి ఇంటికి వెళ్లినప్పుడు, బాస్ చేపలు పడదామని నన్ను దగ్గర్లోని చెరువుకు తీసుకెళ్లాడు. అతనికంటే ముందు నేనే చేప పట్టాలని నా పంతం.

గాలానికి రబ్బరు వానపాము, దానిపైన దారం మీద జారే సీసపు గుండు. నాచులో వేస్తే గుండు కిందికి జారిపోతోంది, వానపాము పైనే చిక్కుకుపోతోంది. మురళి ఏమాత్రం మొహమాటపడకుండా పక్కనున్న తెల్ల ముసలాయనను అడిగాడు. ఆయన పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి మురళి గుండుకున్న దారం రంధ్రంలో దూర్చి, మిగిలింది విరిచేశాడు. ఇక గుండు కదల్లేదు. పావుగంటలో మురళికి మూరెడు చేప పడింది.

"చూశారా అన్నయ్యా! ఒక ఫొటో తియ్యండి!" అని డిజిటల్ కెమెరా నా చేతిలో పెట్టాడు. తీశాను. కడుపు మండిపోయింది.

నేను ఎవరినీ అడగలేదు. శాండ్‌విచ్‌కి గుచ్చిన పుల్ల పీకి, గుండులోకి బలంగా దిగ్గొట్టాను. పెద్ద చేపే తగిలింది. లాగేసరికి గుండు దగ్గరే దారం పుటుక్కున తెగింది.

"పుల్ల గట్టిగా నొక్కితే దారం నలుగుతుంది. మీవాడికి చెప్పానే," అన్నాడు ముసలాయన ఇంగ్లీషులో.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

అడగనివాడికి సలహా ఇవ్వడం ఇక్కడ మర్యాద కాదని కారులో మురళి వివరించాడు. మనవైపు అడక్కుండానే పదిమంది చెబుతారు. నేను పుల్ల దిగ్గొడుతుంటే మురళి పక్కనే నిలబడి చూశాడు, నోరు విప్పలేదు. ముసలాయనంటే టెక్సాస్ మనిషి, సరే. మురళిది ఏలూరు.