పూరీకట్టె పెన్ను

తెలుగు చెప్పుకునే అయివారికి కొయ్యపెన్నులు చేసే పిచ్చి ఎందుకు పట్టిందని మా స్టాఫ్ రూములో చాలామంది అడిగారు. మనశ్శాంతి కోసం అని చెప్పాను. అది అబద్ధం. ఫోన్లో పెన్నుల వీడియోలు పెట్టే వాళ్లందరూ చెప్పే అబద్ధమే అది. వాళ్లకు చెమట పట్టదు, ఉలి జారదు, మధ్యలో కరెంటు పోదు. వెనకాల వేణువు మోగుతుంటే పది నిమిషాల్లో పెన్ను తయారైపోతుంది. వాళ్ల దగ్గర కొయ్య కూడా చెప్పిన మాట వింటుంది కాబోలు.

నిజం చెప్పాలంటే అదంతా మా అక్క కోసం. తిరుత్తణిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. పెళ్లిళ్లలో, సీమంతాల్లో మావైపు ఆడవాళ్లు పాడే తెలుగు పాటలు అమ్మ దగ్గర నేర్చుకుంది ఆమె ఒక్కతే. ఇప్పటి పిల్లలు తెలుగులో మాట్లాడతారు గానీ చదివేది అరవమే. తనతోనే ఆ పాటలు పోతాయని అక్క ఒక లాంగ్ నోటుబుక్కు కొని, గుర్తున్న పాటలన్నీ రాస్తూ వచ్చింది. నోటుబుక్కు సగమైంది. అప్పుడు వేళ్ల కణుపులు వాచాయి. పెన్ను వేళ్లలో నిలవడం మానేసింది. ఒక పాట రెండో చరణం మధ్యలో ఆగిపోయి ఏడు నెలలయింది.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాను.

"నువ్వు రాస్తే నా పాట ఉండదురా, నీ పాఠం ఉంటాది. ప్రతి మాటా దిద్దుతావు" అంది.

దిద్దుతాను, నిజమే. ముప్పై ఏళ్లుగా దిద్దుతూనే ఉన్నాను. ఈ ఊళ్లో తెలుగనేది సగం అరవంలో నానబెట్టినట్టుంటుంది. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు వంటింట్లో పూరీలు వత్తుతూ అక్కే దారి చూపించింది. "ఈ పూరీకట్టె అయితే చేతిలో కుదురుగా ఉండాది. ఇంత లావు పెన్ను యాడన్నా దొరుకుతాదేమో చూడరా."

"ఎక్కడో ఎందుకు? దీంతోనే చేసిస్తాను" అన్నాను. ఏం తెలిసి అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఇరవై ఏళ్లు వాడిన కట్టె అది. అక్క పిండి దులిపి నా చేతిలో పెట్టింది.

పని వినడానికి తేలికే. కొయ్యముక్కకు నిలువునా బెజ్జం వేయాలి. అందులో ఇత్తడి గొట్టం అంటించాలి. లేత్ మీద గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, మెరుగు పెట్టి, గొట్టంలో రీఫిల్ దూర్చాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న లేత్ వచ్చింది. దాంతోపాటు వచ్చిన వివరాల పుస్తకం చైనా వాడు ఇంగ్లీషులో రాశాడు. రెండు భాషలకూ సమానంగా ద్రోహం చేశాడు. పూరీకట్టె నుంచి మూడు ముక్కలు వచ్చాయి. మొదటిదానికి బెజ్జం వేస్తే డ్రిల్లు నేరుగా అవతలికి పోకుండా పక్కనుంచి బయటికొచ్చి నన్ను చూసింది. రెండోదానికి ఉలి ఆనించగానే ముక్క ఎగిరి కిటికీ చువ్వకు తగిలి రెండుగా చీలింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "మనశ్శాంతి బాగుండాదా?" అని అడిగి లోపలికి పోయింది.

మూడో ముక్క మీద చేయి వేయడానికి భయమేసింది. ఆదివారం లోకల్ రైలెక్కి తిరువళ్లూరు పోయాను. అక్కడ మంచం కోళ్లు, ఉయ్యాల గుండ్లు, పప్పుగుత్తులు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మన తెలుగువాడే.

"తరిమెన పట్టాలి" అన్నాను, లేత్ పనికి పుస్తకాల్లో ఉన్న అచ్చతెలుగు మాట వాడుతూ.

"ఎవుర్ని తరమాల?" అన్నాడు పెద్దాయన.

చివరికి, "కడైసల్ పని" అని అరవంలో చెబితే గానీ ఆయనకు ఎక్కలేదు. ఆయన తరఫున నాకు చిన్నతనమనిపించింది. తెలుగువాడై పుట్టి తన పని పేరే తెలుగులో తెలియదే అనుకున్నాను. ఆ తెలియనివాడు నా ముక్కను తన పాత లేత్‌కు బిగించి, కన్నార్పేలోగా తీగ లాగినట్టు నేరుగా బెజ్జం వేశాడు. బెజ్జంలోంచి సన్నగా పొగ వచ్చింది. ముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆరనియ్యి అయివారే. నల్లా ఆరినాంకనే గొట్టం అంటించు. తొందరపడితే పగులుతాది."

నల్లా అంటే అరవంలో బాగా అని నాకూ తెలుసు. అంత స్పష్టంగా చెప్పాడు. ఇంటికొచ్చి ముక్కను చూశాను. ఆరబెట్టమన్నాడు, సరే. కానీ అందులో తడి ఏదీ? ఇక్కడే మామూలు మనిషి అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. నేను భాష తెలిసినవాణ్ణి కదా, ఆగలేదు. ఇన్నేళ్ల నూనె, పిండి పట్టి ఉంది, ముందు కడగమని దాని అర్థం కాబోలు అనుకున్నాను. సబ్బునీళ్లలో శుభ్రంగా కడిగాను. మే నెల ఎండలో మిద్దె మీద, కాలు పెడితే బొబ్బలెక్కే సిమెంటు మీద, రెండు రోజులు ఆరబెట్టాను. మధ్యాహ్నం వెళ్లి రెండో పక్కకు తిప్పి వచ్చాను కూడా, వడియాలకు చేసినట్టు.

రెండో సాయంత్రం వెళ్లి చూస్తే ముక్క ఈ కొస నుంచి ఆ కొసకు నెర్రె విచ్చి ఉంది. అక్కడే కూర్చున్నాను. అక్క కట్టె అయిపోయింది. పాట ఆగిన చోటే ఉంది.

మరుసటి ఆదివారం పెద్దాయన మీద విరుచుకుపడదామనే వెళ్లాను. ఆయన పగుల్ని చూసి, నన్ను చూసి, జరిగిందంతా విని, చేతిలో ఉలి కింద పెట్టేశాడు.

"కడిగినావా? ఎండలో పెట్టినావా? ఆరనియ్యి అంటే వేడి పోనియ్యి అని గదా సామీ! బెజ్జం వేస్తే కొయ్య కాలతాది. ఆ వేడి మీద జిగురు పోస్తే పగులుతాది అని చెప్పినా."

"దాన్ని చల్లారనివ్వడం అంటారు" అన్నాను. ఆ పరిస్థితిలో కూడా అన్నాను.

"ఏమన్నా అనుకో. పగిలింది నీదే" అన్నాడు.

ఆ తరువాత నన్ను తిట్టలేదు. నెర్రెలో అదే కొయ్య పొడి కూరి, జిగురు పోసి, లోపల గొట్టం అంటించి, దారంతో బిగించి కట్టాడు. గట్టిపడ్డాక లేత్ ముందు నన్నే నిలబెట్టి, నా మోచేతిని తన చేత్తో పట్టుకుని చెక్కించాడు. మెరుగు పెట్టేటప్పుడు నేను గుడ్డను గట్టిగా అదిమితే, "తోమేది గిన్నె కాదు" అని చేయి తీసేశాడు. పెన్ను తయారైంది. లావుగా, ఒకవైపు కాస్త ఉబ్బి, పొడుగునా నల్లటి చారతో ఉంది. ఏ వీడియోలోనూ అలాంటిదాన్ని చూపించరు.

అక్కకు అది ఇచ్చేటప్పుడు కొయ్యలోనే ఏదో లోపముందని చెబుదామనుకున్నాను. ఆమె వేలితో చారను తడుముతూ నా ముఖంలోకి చూసింది. ఉన్నదంతా చెప్పేశాను.

అక్క నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఆరనియ్యి అంటే తెలీలేదా నీకు? అమ్మ పనికి పోతే పొద్దున్నే నీకు కాపీ పెట్టిచ్చింది ఎవుర్రా? లోటా చేతికిచ్చి, ఆరనీరా, నోరు కాలతాది అని దినామూ చెప్పింది ఎవురు? అప్పుడు తీసుకుపోయి మిద్దె మింద ఎండబెట్టినావా?"

రోజూ ఆ మాట విని, ఆగి, ఊదుకుని తాగినవాణ్ణి. బడికి పోయి, పాఠాలు చదివి, పాఠాలు చెప్పి, ఆ మాటను నా చెవుల్లోంచి నేనే తుడిచేసుకున్నాను. పిల్లల రాతలో కనబడితే ఎర్రసిరాతో కొట్టేశాను. ఇంతకాలం ఊరివాళ్ల తెలుగును చూసి సిగ్గుపడ్డాను. మొదటిసారి నా తెలుగును చూసి సిగ్గేసింది.

అక్క నోటుబుక్కు తీసింది. పెన్నును పిడికిలి నిండా పట్టుకుంది. పెన్ను జారలేదు. సిరా వస్తుందో లేదో చూడడానికి పేజీ అంచున నెమ్మదిగా ఒక వరుస రాసి, నా వైపు తిప్పింది.

"తమ్ముడు చేసినాడు. బాగలేదు. రాస్తా ఉండాది."

తరువాత పుస్తకం తన వైపు తిప్పుకుని, రెండో చరణంలో మిగిలిన సగం రాయడం మొదలుపెట్టింది.